వాళ్ళేమన్నారో తెలిశాకే

రాస్తున్నావా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు, నా గొంతు నాకే వినపడటం లేదు. అసలే ఫ్లైఓవర్ మీద హారన్లు. పేర్లు మాత్రం ఎవరివీ రాయకు. మీ అక్క అని కూడా రాయకు, పెద్దపిల్ల అని రాయి. చదివేవాళ్ళకు మనమెవరమో తెలియాలి కదా, అందుకని ముందు అది రాయి. నేను అమ్మమ్మను. కొత్తగూడలో నా కూతురి ఫ్లాట్‌లో ఉంటాను. నాకు ఇద్దరు మనవరాళ్ళు. చిన్నది ఇప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చుని నేను చెప్పింది చెప్పినట్టు కొడుతోంది. పెద్దది హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఇది దాని సంగతి. దాన్ని అడిగే చెబుతున్నాను. "నువ్వే చెప్పు అమ్మమ్మా, నేను చెప్తే మధ్యల ఏడుస్త" అంది.

పెద్దపిల్ల ఎట్లాంటిదో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాతిది ఎవరికీ అర్థం కాదు. ఒకసారి మా అపార్ట్‌మెంట్ మీటింగులో, పనివాళ్ళు లిఫ్ట్ ఎక్కొద్దని ఒక పెద్దాయన రూలు పెట్టబోయాడు. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు, నా అల్లుడితో సహా. ఇది లేచి నిలబడింది. "అంకుల్, ఆమె మెట్లెక్కి మీ ఇంటికి వచ్చేసరికి మీ గిన్నెలు ఎండిపోతయ్. మీరే తోముకుంటరా ఇగ?" అంది. ఆయన భార్యే ముందు నవ్వింది. రూలు అక్కడే ఆగిపోయింది. అదీ పిల్ల. నల్లగా ఉంటుంది, కొంచెం బొద్దుగా ఉంటుంది, ఆ సంగతి దానికి ఎప్పుడూ పట్టేది కాదు. అద్దం ముందు రెండు నిమిషాలు నిలబడితే ఎక్కువ.

ఆఫీసులో దాని టీంలోనే ఒక అబ్బాయి ఉండేవాడు. కోస్తా వైపు వాడు. ఒక వానాకాలం రోడ్లన్నీ మునిగి క్యాబులు దొరక్కపోతే దానితోపాటు మా ఇంటికి వచ్చాడు. తడిసిన బూట్లు బయటే విప్పి, ముడుచుకుని సోఫా చివర కూర్చున్నాడు. పప్పుచారు చేసి ఆమ్లెట్ వేసి పెట్టాను. "అమ్మమ్మగారూ, చారు అదిరిపోయిందండీ. ఇంకొంచెం పోస్తారా?" అని గిన్నె చాపాడు. నాకూ నచ్చాడు, అబద్ధమెందుకు? అప్పటి నుంచి పెద్దపిల్ల పొద్దున డబ్బా కట్టేటప్పుడు కూర కొంచెం ఎక్కువ పెట్టమనేది. ఎందుకని మేము అడగలేదు. అది చెప్పలేదు. కానీ పాటలు పాడుకుంటూ తల దువ్వుకునేది.

ఒకరోజు సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా వచ్చి నా మంచం మీద కూర్చుంది. మెడలో ఆఫీసు కార్డు అట్లాగే వేలాడుతోంది. ఆఫీసు ముందు టీ తాగుతూ ఆ అబ్బాయికి తన మనసులో మాట చెప్పిందట. అతను టీ గ్లాసు పక్కన పెట్టి, "నువ్వు చాలా మంచిదానివి. కానీ నిన్ను నేనెప్పుడూ అలా అనుకోలేదు" అన్నాడట.

"మంచిదాన్నైతే మరెందుకు వద్దన్నడు అమ్మమ్మా?"

"వానికి కండ్లు లేవు బిడ్డా."

"వాణ్ణి ఏమనకు. వాడేం తప్పు చేసిండు?"

నిజమే, అతను తప్పేమీ చేయలేదు. అదే కష్టం. తిట్టడానికి ఎవరైనా దొరికితే మనిషి తొందరగా తేరుకుంటుంది. ఎవరూ దొరక్కపోతే తిట్లన్నీ తిరిగి తన మీదికే వస్తాయి.

కొన్ని నెలలకు ఆ అబ్బాయికి నిశ్చితార్థమైంది. ఫోటోలు ఆఫీసు గ్రూపులో పెట్టాడు. పెద్దపిల్ల ఆ ఫోటోను వేళ్ళతో సాగదీసి సాగదీసి చూసేది. "ముక్కు చూడు అమ్మమ్మా, ఎంత సన్నగుందో. నడుము చూడు." నేను చూసి, "పిల్ల బక్కగున్నది, అన్నం తింటదో లేదో" అన్నాను నవ్విద్దామని. నవ్వలేదు.

అప్పటి నుంచి ఆ లిఫ్ట్ గొడవ పెట్టుకున్న పిల్ల ఎటు పోయిందో పోయింది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మీటింగుల్లో కెమెరా ఆపేసేది. తను చేసిన పనిని ఇంకొకడు తనదని చెప్పుకుంటున్నా నోరు తెరిచేది కాదు. బట్టలు వేసుకుని "ఇది బాగుందా?" అని నన్ను అడిగేది, వాళ్ళమ్మను అడిగేది, మళ్ళీ నా దగ్గరికి వచ్చేది. బాగుందంటే నమ్మేది కాదు. ఒక మనిషి ఒక్క మాట అంటే ఇంకో మనిషి ఇంతలా కుంగిపోతుందా అని నా అల్లుడు ఆశ్చర్యపోయాడు. అతన్ని జీవితంలో ఎవరూ వద్దనలేదు, పాపం. నా కూతురికి అతన్ని మొదటి చూపుల్లోనే కుదుర్చుకున్నాం.

ఇక సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఇక్కడ నా కూతురు ఒక పద్ధతి పెట్టింది. అది వివరంగా రాయి, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దానివల్లనే. మా వైపు పెళ్ళిచూపులయ్యాక పిల్లవాడి వాళ్ళు "ఇంటికి పోయి చెప్తం" అంటారు. వాళ్ళ మాట వచ్చేదాకా పిల్ల తరఫువాళ్ళు ఎదురుచూస్తారు. ఈ మధ్యలో పిల్లను కూడా అడగటం ఉంటుంది కదా, నీకెట్లా అనిపించిందని. అది వద్దంది నా కూతురు.

"ముందే అడిగితే ఇది ఆశపడతదమ్మా. తర్వాత వాళ్ళు కాదంటే మళ్ళా మంచమెక్కుతది. నేను చూడలేను. వాళ్ళ మాట రానీ, అప్పుడడుగుదాం."

తల్లి ప్రేమే, కాదనలేం. దెబ్బ తగలకుండా బిడ్డ చుట్టూ దూది చుట్టినట్టు చుట్టింది. చూపులిప్పుడు ఇళ్ళల్లో ఎక్కడ, కొండాపూర్‌లో ఏదో కాఫీ షాపులోనే. వెళ్ళి రావటం, కారులో ఎవరూ ఆ పిల్లవాడి ఊసెత్తకపోవటం, ట్రాఫిక్ గురించి మాట్లాడుకోవటం. తర్వాత ఫోను. కాదన్న ప్రతిసారీ నా కూతురు ఒకటే చెప్పేది: "జాతకాలు కుదరలేదంట."

ఒకసారి పెద్దపిల్ల అన్నం కలుపుతూ అంది. "అమ్మా, వీళ్ళకు మనం జాతకం ఇయ్యనేలేదు కదా?"

నా కూతురు చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. పెద్దపిల్ల మాత్రం నవ్వింది. "పోనీలే. నా మొఖం చూసి రాసుకున్నరు కావచ్చు."

ఆ నవ్వు నాకు ఏడుపు కంటే భయంగా అనిపించింది.

ఆ తర్వాత నిజాంపేట సంబంధం వచ్చింది. పిల్లవాడూ సాఫ్ట్‌వేరే, తల్లి, అతనూ ఉంటారు. చూసి వెళ్ళారు. మర్నాడే ఫోను వచ్చింది. నా కూతురు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పెద్దపిల్ల లేచి నిలబడి, "ఏమన్నరు?" అంది.

"నచ్చిందన్నరే!"

"అయితే నాకూ ఓకే."

అంతే. ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఇంట్లో సంబరం మొదలైంది. అల్లుడు మిఠాయికి బయల్దేరాడు. నేను ఆ రోజు చూపులకు వెళ్ళలేదు, మోకాళ్ళ నొప్పులు. అందుకని దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను.

"పిల్లగాడు ఎట్లుంటడే?"

"మంచోడే అమ్మమ్మా. నేను నచ్చిన అన్నడు కదా."

"అది కాదే. పొడుగా, పొట్టా? కండ్లద్దాలు పెట్టుకుంటడా?"

అది ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, కనుబొమలు దగ్గరికి తెచ్చి మరీ. "చూడలే అమ్మమ్మా. వాళ్ళు నన్ను ఎట్ల చూస్తున్నరో అదే చూసుకుంట కూసున్న."

అప్పుడేం అనగలను? పిల్ల మళ్ళీ అన్నం తింటోంది. మీటింగులో కెమెరా పెట్టి ముందుకు వంగి గట్టిగా మాట్లాడుతోంది. పాటలు కూడా. నా కూతురు నా చెవిలో, "చూసినవా, ఎంత మారిపోయిందో" అంది. మారింది. ఒకరు వద్దంటే ఎంత లోతుకు పోయిందో, ఒకరు సరేనంటే అంత పైకి లేచింది. ఈ రెండింటికీ మధ్యలో తను ఎక్కడుందో అదే నాకు కనపడలేదు.

నిశ్చితార్థానికి చీర కొనటానికి కూకట్‌పల్లి వెళ్ళాం. అతను కారు తెచ్చాడు. కండ్లద్దాలు ఉన్నాయి, రాయి, లావుపాటి నల్ల ఫ్రేము. మనిషి చెడ్డవాడేం కాదు. నన్ను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. కొట్లో పెద్దపిల్ల ముదురు ఆకుపచ్చ చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. చాన్నాళ్ళకు దాని కళ్ళల్లో ఆ మెరుపు చూశాను. అతను ఫోన్‌లోంచి తలెత్తి, "నీ కలర్‌కు అది సెట్ కాదు. లైట్‌ది చూడు" అన్నాడు. ఇది ఒక్క మాట అనకుండా చీర తీసేసి, చక్కగా మడతపెట్టి పక్కన పెట్టింది. కొట్టు అమ్మాయి కూడా దాని మొఖం చూసి తల తిప్పుకుంది.

అతని తల్లి నా పక్కన స్టూలు మీద కూర్చుని కూల్ డ్రింక్ తాగుతోంది. మెల్లగా అంది.

"మావోన్ని ఎంతమంది వద్దన్నరో తెలుసా అమ్మా. జుట్టు పల్చగున్నదని ఒకళ్ళు. ఫారిన్ పోలేదని ఒకళ్ళు. కొన్ని రోజులు అన్నం తినుడే బంద్ చేసిండు. మీ పిల్ల వెంటనే సరే అన్నది, గప్పుడు నవ్విండు వాడు."

నేను అతని వైపు చూశాను. ఫోను చూసుకుంటున్నాడు, నడినెత్తిన జుట్టు పల్చగా ఉంది, నిజమే. అయ్యో అనిపించింది. ఇక్కడా అదే కథ. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోనే లేదు. తనను కాదననివాళ్ళు ఎవరా అని ఇద్దరూ వెతుక్కున్నారు, దొరికారు.

తిరిగొచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో ఆగాం. అతను అద్దంలోంచి పెద్దపిల్లను చూసి సరదాగా అన్నాడు. "మా మమ్మీకి జర డౌట్ ఉండె, నేనే ఒప్పించిన. నేను గాకుంటే నీకెవరు దొరుకుతుండె చెప్పు?"

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది పెద్దపిల్లే.

నా నోరు ఊరుకోదు కదా. "మరి నీకెవరు దొరుకుతుండె మనవడా?" అన్నాను, నేనూ సరదాగానే.

అతని చెవులు ఎర్రబడ్డాయి. పెద్దపిల్ల నా చెయ్యి గిల్లింది, ఇక్కడ, ముంజేతి మీద. ఇంటికొచ్చాక తలుపు వేసి నా మీద పడింది.

"ఎందుకట్లన్నవ్? వాళ్ళు ఇప్పుడు వద్దంటే? ఏం చెయ్యాలె నేను?"

"ఆయన అంటే నవ్వినవ్. నేనంటే తప్పా?"

"ఆయన అనొచ్చు. ఆయన నన్ను ఒప్పుకున్నడు."

"ఒప్పుకున్నడా? నువ్వేమన్న నేరం చేసినవా బిడ్డా, ఒప్పుకోనీకి?"

"నీకేం తెలుసు? నిన్నెవరన్న వద్దన్నరా? తాత నిన్ను చూసిండు, చేసుకున్నడు. నీకు అంతే తెలుసు."

చిన్నదానా, ఈ ముక్క నువ్వూ వినలేదు, కొంచెం మెల్లగా చెబుతాను. తాతకంటే ముందు ఒకాయన నన్ను చూసి వెళ్ళాడు. మధ్యవర్తి అంగడిలో మా నాయనకు చెప్పాడు, పిల్లవాడికి ఇష్టం లేదని. నాయన ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడకుండా కాళ్ళు కడుక్కున్నాడు. నాకు అర్థమైంది. తర్వాత తాత వచ్చాడు. చూశాక తాత ఏమన్నాడో మా ఆడబిడ్డ పెళ్ళయ్యాక నాకు చెప్పింది: "పిల్ల పర్వాలేదు" అన్నాడట. ఆ పర్వాలేదు మీదనే నేను బతుకంతా నడిపాను. బోరబండలో కిరాయి గదిలో ఉన్నప్పుడు పక్కింటివాళ్ళు సినిమాకు పోదామంటే తాతను అడిగేదాన్ని కాదు. ఆయన కసిరితే, పోనీ, నన్ను చేసుకున్నాడు కదా అనుకునేదాన్ని. ఆయన మంచివాడు. అడిగితే తీసుకెళ్ళేవాడేమో కూడా. అడగాలని నాకు అనిపించలేదు. నాకు దొరికిందే ఎక్కువ అనుకున్నాను.

ఇదంతా పెద్దపిల్లకు చెప్పాను. అది గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నేను అడిగాను.

"ఒక మాట చెప్పు. రేపు ఆ పిల్లగాడు వద్దన్నడనుకో. నీకేం పోతది?"

"ఏం పోతదంటవా? అమ్మ ఏడుస్తది. నాన్న హాలు మాట్లాడిండు. ఆఫీసుల అందరికీ చెప్పిన. మళ్ళా ఫోటోలు దిగాలె. మళ్ళా చీర కట్టుకుని ఆ కాఫీ షాపుల కూసోవాలె, వాళ్ళు నన్ను కింది నుంచి మీదికి చూడాలె. మళ్ళా ఫోను కోసం..."

మాట అక్కడ ఆగింది. నేను మెల్లగా అన్నాను. "ఇన్ని చెప్పినవ్ బిడ్డా. అందుల ఆ పిల్లగాడు లేడు."

అది గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. నేను మంచి పని చేశానో చెడ్డ పని చేశానో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నవ్వుతున్న పిల్లను పట్టి ఆపాను కదా.

కొన్ని రోజులకు అదే అతనికి ఫోన్ చేసింది. నిశ్చితార్థం ఒక రెండు నెలలు ఆపుదాం, కొంచెం కలిసి తిరుగుదాం, మాట్లాడుకుందాం అని అడిగింది. అంతకంటే ఎక్కువేం అనలేదు. నేను పక్కనే ఉన్నాను. అతను "మమ్మీని అడిగి చెప్తా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అతని తల్లి ఫోను. నా కూతురు వంటింట్లో నిలబడి వింది. ఆవిడ గొంతు నాకు హాల్లోకి వినిపిస్తోంది. "మావోడు ఇప్పటికే మస్తు పరేషాన్ అయిండు వదినా. ఇగ ఓపిక లేదు వానికి. ఆలోచించుకుంట అనే పిల్ల మాకొద్దు." తప్పు పట్టలేను ఆవిడను. మళ్ళీ కాదనిపించుకునే ముందే వాళ్ళే కాదనేశారు. ఒకసారి కాలినవాళ్ళు అంతే చేస్తారు.

నా కూతురు బయటికొచ్చి, "వాళ్ళ మేనమామకు బాగలేదంట. దవాఖానల..." అని మొదలుపెట్టింది.

"అమ్మా, నిజం చెప్పు" అంది పెద్దపిల్ల.

నా కూతురు నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. దాని బిడ్డ, అదే చెప్పాలి.

"వద్దన్నరు బిడ్డా."

మా ఇంట్లో ఆ మాట అట్లా నేరుగా చెప్పటం అదే మొదలు. పెద్దపిల్ల తలూపి, నా గదిలోకి వచ్చి మంచం మీద పడుకుంది. గోడ వైపు తిరిగి అంది.

"నాకూ వద్దనిపిస్తుండె అమ్మమ్మా. చెప్పాలనే అనుకున్న. మరి గిట్లెందుకున్నది? నేను వద్దనుకున్న మనిషి నన్ను వద్దంటే నాకెందుకు నొస్తున్నది?"

దాని తల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అది లేచి ఫోన్ తీసి ఏదో కొట్టింది.

"ఏం రాస్తున్నవ్?"

"ఏం లేదు."

"నాకు చదువు. ఆ చిన్న అక్షరాలు నాకు కనపడవు కదా."

చదివింది. "సారీ. డేట్ మార్చొద్దు. ఎప్పుడంటే అప్పుడు నేను రెడీ. మమ్మీకి నేను సారీ చెప్తా." చివరికొచ్చేసరికి దాని గొంతు తగ్గిపోయింది. తను రాసింది తనకే వినపడినట్టుంది.

"పంపితే వాళ్ళు మళ్ళా సరే అంటరు కావచ్చు" అంది.

"అంటరు."

"అంటే నాకు మంచిగనిపిస్తది."

"అనిపిస్తది బిడ్డా."

"ఎన్ని రోజులు?"

నేను ఫోన్ లాక్కోలేదు. నాకు లాక్కోవాలనే ఉంది, నా చెయ్యి లేచింది కూడా. మళ్ళీ ఒడిలో పెట్టుకున్నాను. ఎందుకంటే నేను లాక్కుంటే అది నా మాటవుతుంది. వాళ్ళదీ, నాదీ, వాళ్ళమ్మదీ అందరి మాటలూ అయ్యాయి. ఆ గదిలో ఇంకా పలకని మాట దానిదొక్కటే.

అది ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. స్క్రీను ఆరిపోతే మళ్ళీ వెలిగించేది. ఒకసారి వేలు ఆ పంపే గుర్తు మీదికి కూడా పోయింది. తర్వాత చివరి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది. చెరుపుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. సంతోషంగా చెరిపిందని అనుకోకండి.

ఏంది, ఆపేశావు? ఇంకేం రాయాలా? తర్వాత అక్క బాగైపోయిందని రాద్దామంటావా? వద్దు. నిన్న కూడా ఆఫీసు నుంచి వచ్చి, ఎవరో తన కొత్త డ్రెస్సు చూసి ఏమీ అనలేదని ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది. బాగైందో లేదో నాకు తెలియదు, దానికీ తెలియదు. ఆ రోజు ఎవరూ చెప్పకుండా చెరిపేసింది, అది రాయి. నేను కళ్ళారా చూసింది అంతవరకే.